తప్పుడు ఎంట్రీ టైమ్ తప్పే

మాస్టర్స్ ఈత పోటీలకు పేరిచ్చే ప్రతి స్విమ్మరూ ఎంట్రీ ఫారంలో పేరు, వయసు, పాల్గొనే అంశాలతో పాటు ఒక్కో అంశానికి ఒక సమయం కూడా రాయాలి. ఆ దూరాన్ని ఇటీవల ఎంతసేపట్లో ఈదారో చెప్పే లెక్క అది. దాన్నే ఎంట్రీ టైమ్ అనీ, సీడ్ టైమ్ అనీ అంటారు. ఆ గడిలో ఏ అంకె వేసినా ఫర్వాలేదన్న అభిప్రాయం పెద్దల పోటీల్లో బాగా పాతుకుపోయింది. పతకం వచ్చేది నీళ్లలో ఈదిన సమయానికే గాని కాగితం మీద రాసిన సమయానికి కాదు కదా అన్నది దానికి చెప్పే సమర్థన. కొందరు తెలియక, కొందరు మొహమాటపడి, కొందరు లెక్క వేసుకుని మరీ తప్పుడు సమయం రాస్తున్నారు. అడిగేవారు లేరు. ఈ అభిప్రాయం తప్పు. పోటీ అమరిక మొత్తం ఆ అంకెల మీదే నిలబడుతుంది. అవి అబద్ధమైతే నష్టమంతా పక్క లేన్‌లో ఈదేవారికి, గట్టున నిలబడి పోటీ నడిపేవారికి.

మాస్టర్స్ ఈత పుట్టిందే పెద్దల ఆరోగ్యం కోసం. అమెరికా నౌకాదళ వైద్యుడు రాన్సమ్ ఆర్థర్ చొరవతో 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో అక్కడి తొలి జాతీయ మాస్టర్స్ పోటీ జరిగింది. అంతర్జాతీయ ఈత సమాఖ్య తొలి ప్రపంచ మాస్టర్స్ పోటీలు 1986లో టోక్యోలో జరిగాయి. భారత స్విమ్మింగ్ సమాఖ్య కూడా జాతీయ మాస్టర్స్ పోటీలు నిర్వహిస్తోంది. 25 ఏళ్లు నిండినవారు ఇందులో పాల్గొనవచ్చు. 25–29, 30–34 అంటూ ఐదేళ్లకొక వర్గం చొప్పున పైకి వెళుతుంది. పోటీ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి ఉన్న వయసే లెక్క. ఒలింపిక్స్‌లో ఉన్నట్టు ప్రాథమిక హీట్లు, సెమీఫైనల్, ఫైనల్ అన్న అంచెలు ఇక్కడ ఉండవు. ప్రతివారూ ఒక్కసారే ఈదుతారు. అన్ని హీట్లలోని సమయాలనూ కలిపి చూసి వర్గాలవారీగా స్థానాలు ఇస్తారు. ఒక హీట్‌లో తప్పు చోట పడినవారికి సరిచేసుకునే రెండో అవకాశం లేదు. అందువల్లే మాస్టర్స్ పోటీలో ఎంట్రీ టైమ్ విలువ మామూలు పోటీలో కంటే ఎక్కువ.

ఎంట్రీలు అందాక నిర్వాహకులు ప్రతి అంశానికీ స్విమ్మర్లను సమయాల వరసలో పేరుస్తారు. నెమ్మదిగా ఈదేవారి హీట్లు ముందు, వేగంగా ఈదేవారివి చివర వస్తాయి. ఎనిమిది లేన్ల కొలనులో ఒక హీట్‌లోకెల్లా వేగమైనవారికి నాలుగో లేన్ ఇస్తారు. ఆ తర్వాతి వారికి వరసగా 5, 3, 6, 2, 7, 1, 8 లేన్లు దక్కుతాయి. వేగమైనవారు నడిమధ్య, నెమ్మదివారు అంచుల్లో ఉండే ఈ పద్ధతి వెనుక మూడు కారణాలున్నాయి. మధ్య లేన్లలో పోటీ పక్కపక్కనే సాగుతుంది గనుక చూసేవారికీ, సమయం పట్టేవారికీ స్పష్టంగా కనిపిస్తుంది. వేగంగా వెళ్లేవారు లేపే అల నెమ్మదివారి మొహాన పడడం తగ్గుతుంది. సమ ఉజ్జీలు పక్కపక్కన ఉంటే ఒకరిని చూసి ఒకరు వేగం పెంచుకుంటారు. ఇంత ఏర్పాటుకూ ఆధారం ఫారంలోని ఆ ఒక్క గడే.

అది తప్పితే ఏమవుతుందో దూరపు ఈతలో చూస్తే తెలుస్తుంది. 1500 మీటర్ల ఫ్రీస్టైల్‌కు 40 మంది పేరిచ్చారనుకుంటే, ఎనిమిది లేన్లలో ఐదు హీట్లు పడతాయి. వారిలో చురుకైనవారు 20 నిమిషాల్లో, నిదానమైనవారు 40 నిమిషాల్లో ముగిస్తారనుకోవచ్చు. అందరూ నిజం రాస్తే హీట్లు సుమారుగా 40, 35, 30, 25, 20 నిమిషాలు పట్టి, మొత్తం 150 నిమిషాల్లో అంశం ముగుస్తుంది. ప్రతి హీట్‌లోనూ 40 నిమిషాల స్విమ్మర్ ఒక్కరు పొరపాటున చేరినా మొత్తం 200 నిమిషాలు అవుతుంది. నలుగురైదుగురు రాసిన అంకెల వల్ల 50 నిమిషాలు పోయినట్టే. ఆ 50 నిమిషాలూ గట్టున స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేది స్వచ్ఛందంగా వచ్చిన టైమ్‌కీపర్లు. తర్వాతి అంశానికి ఒళ్లు వేడెక్కించుకుని కూర్చున్న డెబ్బై ఏళ్లవారు మళ్లీ చల్లబడిపోతారు. వేసవి ఎండలు మండే గుంటూరు, ఒంగోలు లాంటి చోట్ల ఉదయం పూట ముగియాల్సిన అంశం మధ్యాహ్నపు ఎండలోకి జరగడం పెద్దవయసువారికి ప్రమాదకరం.

పతకానికి సంబంధం లేదన్న వాదం ఇక్కడే కూలిపోతుంది. పతకం ఒక్కటే పోటీ ఫలితం కాదు. పెద్దల పోటీకి వచ్చేవారిలో చాలామంది పతకం కోసం రారు. నిరుటి తమ సమయాన్ని ఈసారి కొంచెమైనా తగ్గించుకోవాలని వస్తారు. వారికి కావలసింది పక్కన ఒక సమ ఉజ్జీ, ప్రశాంతమైన నీరు, చెప్పిన వేళకు పిలుపు. తప్పుడు ఎంట్రీ టైమ్ ఈ మూడింటినీ పాడుచేస్తుంది. పైగా పతకానికి నిజంగా సంబంధం లేదా అంటే అదీ లేదు. ఒకే వయసు వర్గంలో బంగారానికి పోటీపడే ఇద్దరు వేర్వేరు హీట్లలో పడితే, ముందు ఈదినవారికి రెండోవారి వేగం తెలియదు. రెండోవారికి మాత్రం అందుకోవలసిన సమయం ముందే తెలిసిపోతుంది. ఒకరు ఎదుటివారిని చూసి ఈదితే, మరొకరు గడియారంతో ఒంటరిగా ఈదినట్టవుతుంది.

అసలు కంటే వేగంగా రాసేవారు చెప్పే కారణం ఆశయం. అది తాము చేరదలచుకున్న సమయమని, పెద్ద లక్ష్యం పెట్టుకోవడం తప్పా అని అడుగుతారు. లక్ష్యం పెట్టుకోవడం తప్పు కాదు, దాన్ని రాసుకోవలసిన చోటు సాధన పుస్తకం. ఎంట్రీ ఫారం అడుగుతున్నది జరిగినదాని గురించి. ఆశపడిన సమయం రాసి చివరి హీట్‌లో నాలుగో లేన్ తీసుకున్నవారు, నిజంగా ఆ లేన్‌కు అర్హులైన మరొకరిని పక్కకు నెట్టినట్టే. మిగతావారు చేరుకున్నాక సగం కొలను ఖాళీగా ఉండగా ఒంటరిగా ఈదవలసిన ఇబ్బంది కూడా వారికే మిగులుతుంది.

నెమ్మదిగా రాసేవారి సంగతి ఇంకా తీవ్రమైనది, ఎందుకంటే అది తెలిసి చేసే పని. తొందరగా ఈదేసి తర్వాతి అంశానికి విశ్రాంతి దొరకాలని కొందరు, తేలికపాటి హీట్‌లో అందరికంటే ముందు గోడ తాకాలని కొందరు ఇలా రాస్తారు. ఆ హీట్‌లో ఉన్నవారిలో అరవై ఏళ్లకు ఈత నేర్చుకుని తొలిసారి పోటీకి వచ్చినవారు ఉంటారు. గుండె వైద్యుడి సలహా మీద కొలనులో దిగినవారు ఉంటారు. వారి పక్క లేన్‌లో బలమైన స్విమ్మర్ బట్టర్‌ఫ్లై వేస్తూ దూసుకుపోతే అల లేచి నోట్లో నీళ్లు పోతాయి, ఊపిరి లయ తప్పుతుంది. దీన్ని తెలివి అని మెచ్చుకోవడం కొత్తవారి భయాన్ని చులకన చేయడమే.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఈ విషయం వేరే ఆటలో ఏనాడో తేలిపోయింది. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. పశువు వయసును పళ్లే చెబుతాయి గనుక నోరు తెరిచి చూసి విభాగం తేలుస్తారు. యజమాని ఎంత పెద్దమనిషైనా ఆయన మాట మీద వదిలేయరు. ఆరు పళ్ల జతను నాలుగు పళ్ల విభాగంలో దించి, లాగిన దూరమే లెక్క గదా అంటే ఏ తిరునాళ్లలోనూ చెల్లదు. ఈతలో నోరు తెరిచి చూసే వీలు లేదు, ఫారంలో రాసిన మాటనే నమ్మాలి. పరీక్ష లేని చోట మాటకు బాధ్యత పెరగాలి గాని తగ్గకూడదు.

తమ సమయం తమకే తెలియదన్నవారి మాటలో మాత్రం నిజాయితీ ఉంది. పత్తి, మిర్చి పండే ఈ నేలలో పెద్దలు చాలామంది ఈత నేర్చింది కొలనులో కాదు. నడుముకు ఈతబెండ్లు కట్టుకుని దిగుడుబావుల్లోనో, సాగర్ కుడి కాలువలోనో, కొమ్మమూరు కాలువలోనో నేర్చారు. కాలువకు పారుదల ఉంది, గడియారం లేదు. ఈదిన దూరానికి కొలతా లేదు. నలభై దాటాక గుంటూరులోనో విజయవాడలోనో కొలనులో చేరినా, స్టాప్‌వాచ్ పట్టి చూసేవారు దొరకడం కష్టమే. వీరికి అంతర్జాతీయ నియమాల్లోనే దారి ఉంది. నమోదైన సమయం ఇవ్వని స్విమ్మర్‌ను అందరికంటే నెమ్మదివారిగా పరిగణించి జాబితా చివర ఉంచాలని, అలాంటివారు ఒకరికి మించి ఉంటే చీటీ తీసి వరస నిర్ణయించాలని ఆ నియమం చెబుతుంది. గడిలో సమయం లేదని రాస్తే చాలు. ఊహించి ఏదో అంకె వేయడం కంటే అదే గౌరవం.

సమయం లేదని ఒప్పుకోవడం చిన్నతనం అనుకునేవారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ను గుర్తుచేసుకోవాలి. ఈక్వటోరియల్ గినీకి చెందిన ఎరిక్ ముస్సంబానీ అప్పటివరకు 50 మీటర్ల కొలనునే చూడలేదు. అతనిని తనవంటి కొత్తవారితోనే ముగ్గురి హీట్‌లో ఉంచారు. మిగతా ఇద్దరూ ముందే దూకి అనర్హులు కాగా, అతను ఒక్కడే 100 మీటర్లను 1 నిమిషం 52.72 సెకన్లలో పూర్తిచేశాడు. ప్రపంచం అతనిని చప్పట్లతో గుర్తుపెట్టుకుంది. నెమ్మదివారిని నెమ్మదివారితో ఉంచే అమరికే అతనికి ఆ హీట్‌ను ఇచ్చింది.

సమయం తెలిసినవారు కూడా కొలను పొడవు చూసుకోకుండా రాయడం మరో పొరపాటు. 25 మీటర్ల కొలనులో మలుపులు ఎక్కువ. ప్రతి మలుపు దగ్గరా గోడను తన్నడం వల్ల వేగం వస్తుంది. కైల్ చామర్స్ 2021లో 25 మీటర్ల కొలనులో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 44.84 సెకన్లలో ఈదాడు. పాన్ జాన్‌లే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల కొలనులో 46.40 సెకన్లు తీసుకున్నాడు. రెండూ ఆనాటికి ప్రపంచ రికార్డులే. కాబట్టి చిన్న కొలను సమయాన్ని పెద్ద కొలను పోటీకి యథాతథంగా రాయకూడదు. ఏ కొలనులో పట్టిన సమయమో పక్కన రాయాలి. అలాగే పదేళ్ల కిందటి సమయం ఇప్పటిది కాదు. వయసు, జబ్బు, మానిన భుజం నొప్పి అన్నీ దాన్ని మార్చేస్తాయి.

నదుల్లో, సముద్రంలో జరిగే ఈతల్లో ఇది ప్రాణాల సంగతి. కృష్ణా నదిని దాటే పోటీలో జట్లు చేసి వదలడానికీ, పడవలు ఎక్కడ నిలపాలో నిర్ణయించడానికీ ఈదేవారి వేగం తెలియాలి. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో 47 ఏళ్ల వయసులో పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటారు. అలాంటి ఈతలో బయలుదేరే వేళ, ఆటుపోట్ల లెక్క, వెంట నడిచే పడవ అన్నీ స్విమ్మర్ నిజమైన వేగం మీద ఆధారపడతాయి. అక్కడ గొప్పకు రాసిన అంకెను సముద్రం మన్నించదు.

నిజాయితీగా రాసిన సమయానికీ, ఆ రోజు ఈదిన సమయానికీ తేడా రావచ్చు. నిద్ర చాలకపోవచ్చు, జ్వరం నుంచి అప్పుడే కోలుకుని ఉండవచ్చు, లేదా ఎన్నడూ లేనంత బాగా ఈదవచ్చు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. తప్పు తెలిసి రాసిన అంకెది, తెలుసుకునే ప్రయత్నమే చేయకుండా వేసిన అంకెది. నిర్వాహకులు చేయవలసినవి కూడా పెద్ద ఖర్చుతో కూడినవి కావు. స్టార్ట్ లిస్టులోనూ, ఫలితాల పట్టికలోనూ ఎంట్రీ టైమ్‌ను ఈదిన సమయం పక్కనే అచ్చువేయాలి. పోటీకి కొన్ని వారాల ముందు క్లబ్బులు ఒక ఉదయం స్టాప్‌వాచ్‌తో అందరి సమయాలూ పట్టి ఇవ్వాలి. స్పష్టంగా అసంగతంగా ఉన్న ఎంట్రీని మార్చే అధికారం రిఫరీకి ఉంటుందని పోటీ ప్రకటనలోనే చెప్పాలి. ఏటేటా అదే పని చేసేవారిని సమయం లేనివారి హీట్‌లోనే ఉంచాలి.

మిగిలింది స్విమ్మర్ వంతు. ఈ సీజన్‌లో ఫారం నింపబోయే ప్రతివారూ ముందు ఒకసారి కొలనులో దిగి, తోటివారి చేత సమయం పట్టించుకుని, వచ్చిన అంకెనే రాయాలి. తెలియకపోతే తెలియదని రాయాలి. పక్క లేన్‌లో ఈదబోయేవారికి చేయగల కనీస మర్యాద అది.