రెండో పేరు

1996 వేసవిలో మయామీ డాల్ఫిన్స్ శిక్షణ శిబిరంలో హెడ్ కోచ్ జిమ్మీ జాన్సన్ ఒక మాట అన్నారు. డాలస్ కౌబాయ్స్‌ను వరసగా రెండేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ విజేతగా నిలిపి వచ్చిన మనిషి ఆయన. ఎవరినీ తేలిగ్గా మెచ్చుకునే రకం కాదు. ఈ జట్టులో చోటు ఖాయమైనవాళ్లు ఇద్దరేనని, ఒకరు డాన్ మరీనో, ఇంకొకరు లారీ ఇజ్జో అని ప్రకటించారు.

మరీనో సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అప్పటిదాకా అందరికన్నా ఎక్కువ గజాల పాస్‌లు విసిరిన క్వార్టర్‌బ్యాక్ అతను. రెండో పేరు వినే చాలామంది తలలు తిప్పి ఉంటారు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆ లైన్‌బ్యాకర్‌ను కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. ఆ స్థానంలో ఆడేవాళ్ల పక్కన నిలబెడితే పొట్టి. అతనికి చోటు దక్కింది తన అసలు స్థానంలో ఆడినందుకు కాదు. బంతిని కాలితో తన్నిన ప్రతిసారీ మైదానం పొడవునా పరుగెత్తి, అడ్డొచ్చినవాణ్ణి తోసుకుంటూ పోయి, బంతి పట్టినవాణ్ణి పడగొట్టినందుకు. ఆ పనినే ఆ ఆటలో స్పెషల్ టీమ్స్ అంటారు.

ఈ ఆటలో దాడి చేసే పదకొండు మంది వేరు, కాచుకునే పదకొండు మంది వేరు. మూడోది స్పెషల్ టీమ్స్. కిక్కాఫ్, దాన్ని తిరిగి తెచ్చే దళం. పంట్ (బంతిని ప్రత్యర్థికి వదిలేస్తూ దూరంగా తన్నడం), దాన్ని తిరిగి తెచ్చే దళం. ఫీల్డ్ గోల్ కొట్టే దళం, దాన్ని అడ్డుకునే దళం. తన్నేవాళ్లు, వాళ్లకు బంతి అందించేవాడు తప్ప మిగతావాళ్లు ఎక్కువగా రిజర్వు ఆటగాళ్లే. మన క్రికెట్‌లో దగ్గరి పోలిక వెతికితే ఫీల్డింగ్ కనిపిస్తుంది. హైదరాబాద్‌కు రంజీ ఆడి, భారత జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ జట్టుకు ఫీల్డింగ్ కోచ్ అయి, 2021 దాకా పనిచేసిన ఆర్.శ్రీధర్ మనకు తెలుసు. క్యాచ్ జారినప్పుడే ఫీల్డింగ్ కోచ్ పేరు గుర్తొస్తుంది. స్పెషల్ టీమ్స్ కోచ్ బతుకూ అంతే.

ఇజ్జో 2009 దాకా ఆడాడు. మయామీ తర్వాత 2001లో హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ అతన్ని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు తీసుకెళ్లి స్పెషల్ టీమ్స్ కెప్టెన్‌ను చేశారు. మూడుసార్లు మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు, మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. అందులో మొదటిదాని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ కథ అక్కడే మొదలైందని అందరూ అంటారు గానీ, ఆ జట్టు ఫైనల్ దాకా ఎలా చేరిందో గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

2002 జనవరి. ఓక్లండ్ రైడర్స్‌తో మంచు ధారగా కురుస్తున్న రాత్రి, మ్యాచ్ చేజారుతున్న ఘడియలో పేట్రియట్స్ కిక్కర్ ఆడమ్ వినాటియేరి 45 గజాల నుంచి బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని స్కోరు సమం చేశాడు. అది గెలిచాక, ఆ తర్వాత వారం పిట్స్‌బర్గ్‌లో సెమీఫైనల్ లాంటి మ్యాచ్. బ్రేడీ గాయపడి మధ్యలో బయటికి వెళ్లాడు. పేట్రియట్స్ 24–17తో గెలిచారు. వాళ్లు చేసిన టచ్‌డౌన్లు, అంటే బంతిని గీత దాటించినవి, మూడు. ఒకటి, ట్రాయ్ బ్రౌన్ పంట్ అందుకుని 55 గజాలు పరుగెత్తి చేసింది. ఇంకొకటి, ప్రత్యర్థి ఫీల్డ్ గోల్‌ను అడ్డుకుంటే నేల మీద పడిన బంతిని బ్రౌన్ ఎత్తుకుని, పక్కనే వస్తున్న ఆంట్వాన్ హారిస్‌కు అందిస్తే అతను గీత దాటించింది. అంటే మూడింట్లో రెండు స్పెషల్ టీమ్స్‌వే. ఫైనల్లో సెయింట్ లూయిస్ రామ్స్‌ను 20–17తో ఓడించింది కూడా ఆట ముగిసే క్షణంలో వినాటియేరి తన్నిన 48 గజాల కిక్కే. ఓ గొప్ప రాజ్యానికి పునాది వేసింది పేరు లేని దళమని ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఆడటం మానేశాక 2011లో ఇజ్జో న్యూయార్క్ జెయింట్స్‌లో స్పెషల్ టీమ్స్ సహాయ కోచ్‌గా చేరాడు. ఆ సీజన్‌లోనే, 2012 జనవరిలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో కాన్ఫరెన్స్ ఫైనల్, అదే సెమీఫైనల్ లాంటి మ్యాచ్. ఎదుటి జట్టులో పంట్లు అందుకునే కైల్ విలియమ్స్ రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. మొదటిసారి బంతి అతని మోకాలికి రాసుకుని వెళ్లింది. రెండోసారి, అదనపు సమయంలో, జెయింట్స్‌కు చెందిన జాక్వియన్ విలియమ్స్ చేత్తో కొట్టి జారవిడిచేలా చేశాడు. రెండుసార్లూ దాని మీద పడింది జెయింట్స్ ఆటగాడు డెవిన్ థామస్. 20–17తో జెయింట్స్ ఫైనల్ చేరి, అక్కడ ఇజ్జో పాత జట్టు పేట్రియట్స్‌నే ఓడించారు. అతనికది నాలుగో సూపర్ బౌల్ ఉంగరం. మోకాలికి రాసుకుపోయిన బంతిని అదృష్టం అనొచ్చు. ఆ బంతి పక్కన మనవాడొకడు ఉండటం మాత్రం అదృష్టం కాదు. ప్రతి పంట్‌కూ, దండగేనని తెలిసినా, చివరిదాకా పరుగెత్తమని ఎవరో నూరిపోస్తేనే ఆ మనిషి ఆ వేళకు అక్కడుంటాడు.

ఆ తర్వాత హ్యూస్టన్ టెక్సన్స్, సియాటిల్ సీహాక్స్. 2021 అక్టోబర్‌లో సియాటిల్ పంటర్ మైకేల్ డిక్సన్ తన్నిన బంతిని ఎదుటివాళ్లు అడ్డుకుంటే, వెనక్కి పడిన బంతిని ఎత్తుకుని పరుగెత్తుతూనే అతను రెండోసారి తన్నాడు. అప్పుడు ఆ దళానికి కోచ్ ఇజ్జోనే. 2024లో వాషింగ్టన్ కమాండర్స్‌కు వచ్చాడు. అతను పుట్టిన సైనిక స్థావరం ఫోర్ట్ బెల్వోర్ ఆ పరిసరాల్లోనే, ఉత్తర వర్జీనియాలోనే ఉంది. కమాండర్స్ సాధన చేసే యాష్‌బర్న్ మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఇళ్లు కొనుక్కున్న ఊరు.

ఆ ఏడాది నవంబర్ 24న కౌబాయ్స్‌తో మ్యాచ్ స్పెషల్ టీమ్స్ కోచ్‌కు పీడకల. కౌబాయ్స్ ఆటగాడు కవాంటే టర్పిన్ కిక్కాఫ్ అందుకుని 99 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చివర్లో 21 సెకన్లు ఉండగా టెరీ మెక్‌లారిన్ 86 గజాల టచ్‌డౌన్‌తో కమాండర్స్‌ను ఒక్క పాయింటు దూరానికి తెచ్చాడు. మామూలుగా కళ్లు మూసుకుని కొట్టే అదనపు పాయింటు కిక్ పక్కకు పోయింది. బంతిని తిరిగి దక్కించుకోవడానికి చిన్నగా తన్నితే దాన్నీ కౌబాయ్స్ ఆటగాడే పట్టుకుని నేరుగా టచ్‌డౌన్ చేశాడు. 34–26. ఏడు వారాల తర్వాత కమాండర్స్ ప్లేఆఫ్స్‌లో టాంపా బే మీద ఆడారు. ఆఖరి క్షణంలో కమాండర్స్ కిక్కర్ జేన్ గొంజాలెజ్ తన్నిన 37 గజాల బంతి కుడి స్తంభానికి తగిలి లోపలికి పడింది. 23–20. కమాండర్స్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లారు. నవంబర్‌లో కోచ్‌ను తిట్టడమూ, జనవరిలో పొగడటమూ రెండూ తొందరపాటే. స్తంభానికి తగిలిన బంతి ఎటు పడుతుందన్నది ఏ కోచ్ చేతుల్లోనూ లేదు.

మరి అతని పనిని దేనితో కొలవాలి? క్వార్టర్‌బ్యాక్ కోచ్ రోజంతా ముగ్గురు నలుగురితో గడుపుతాడు. దాడి కోచ్‌కు డిఫెన్స్ కుర్రాళ్లతో మాట్లాడే అవసరమే రాదు. దాడివాళ్లనూ డిఫెన్స్‌వాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకే పని చేయించేది స్పెషల్ టీమ్స్ కోచ్ ఒక్కడే. తన ఇష్టమైన స్థానంలో చోటు దొరక్క మొహం వేలాడేసుకున్న కుర్రాణ్ణి, ఈ పని కోసం ఒళ్లు హూనం చేసుకోవడానికి ఒప్పించాలి. హెడ్ కోచ్ చేయాల్సిన పని కూడా ఇదే కదా. అయినా హెడ్ కోచ్ కుర్చీ ఖాళీ అయితే యజమానుల చూపు దాడి వ్యూహాలు గీసేవాళ్ల మీదికే పోతుంది.

వాళ్ల వాదనలో పస లేదని నేననను. మంచి దాడి కోఆర్డినేటర్‌ను ఏ క్షణాన ఎవరు ఎగరేసుకుపోతారో తెలియదు, హెడ్ కోచే ఆ పని చేస్తే యువ క్వార్టర్‌బ్యాక్‌కు గురువు మారడు. స్పెషల్ టీమ్స్ నుంచి వచ్చిన జో జడ్జ్ జెయింట్స్ హెడ్ కోచ్‌గా రెండేళ్లలో 10 గెలిచి 23 ఓడిపోయాడు. ఇదీ నిజమే. కానీ దాడి కోచ్‌లుగా వచ్చి విఫలమైనవాళ్ల లెక్క ఎవరైనా తీశారా? ఒక దాడి మేధావి విఫలమైతే ఆ మనిషి విఫలమయ్యాడంటారు. ఒక స్పెషల్ టీమ్స్ కోచ్ విఫలమైతే ఆ వృత్తే పనికిరాదంటారు. నాకు నచ్చనిది ఇదే.

చరిత్ర ఏం చెబుతోందో చూడండి. 1969లో హెడ్ కోచ్ జార్జ్ అలెన్ రామ్స్‌లో ఈ పనికే ప్రత్యేకంగా కోచ్‌గా తెచ్చుకున్న డిక్ వెర్మీల్ తర్వాత సూపర్ బౌల్ గెలిచిన హెడ్ కోచ్ అయ్యాడు. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో ఈ పని చేసిన మార్వ్ లెవీ, బఫెలో బిల్స్‌ను వరసగా నాలుగేళ్లు సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. మరో హెడ్ కోచ్ బిల్ కౌవర్ కూడా ఈ దారినే వచ్చాడు. బెలిచిక్ జెయింట్స్‌లో మొదట చేపట్టిన పని కూడా ఇదే. ఇక కాలేజీలో డిఫెన్సివ్ బ్యాక్‌గా ఆడిన జాన్ హార్‌బా. ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో తొమ్మిదేళ్లు స్పెషల్ టీమ్స్ చూసి, ఒక ఏడాది డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్‌గా చేశాకే 2008లో బాల్టిమోర్ రేవెన్స్‌కు హెడ్ కోచ్ కాగలిగాడు. అయిదేళ్లలో సూపర్ బౌల్ గెలిచాడు. 34–31తో ముగిసిన ఆ మ్యాచ్‌లో రెండో సగం జాకోబీ జోన్స్ 108 గజాల కిక్కాఫ్ రిటర్న్‌తో మొదలైంది. చివర్లో పంటర్ శామ్ కోక్ తన ఎండ్ జోన్‌లోనే అటూ ఇటూ పరుగెత్తి, కావాలనే రెండు పాయింట్లు వదులుకుని గడియారాన్ని కరిగించాడు. ఆ ఆలోచన మూడో దళంలో పుట్టి పెరిగిన బుర్రకు సహజంగా తోస్తుంది.

ఆటగాళ్ల విషయంలోనూ ఇదే వివక్ష. లెవీ జట్టులో స్పెషల్ టీమ్స్ ఆడిన స్టీవ్ టాస్కర్ ఏడుసార్లు ప్రో బౌల్‌కు ఎంపికైనా, దశాబ్దాలు గడిచినా హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరుచుకోలేదు. పంటర్ రే గై కోసం ఆ తలుపు 2014లో గానీ తెరుచుకోలేదు, రిటర్న్ ఆటగాడు డెవిన్ హెస్టర్ కోసం 2024లో.

ఇంతలో ఈ వృత్తి ఉనికికే ముప్పు వచ్చి, తప్పింది. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఢీకొనడం వల్ల తలకు గాయాలవుతున్నాయని లీగ్ కిక్కాఫ్‌ను ఏడాదికేడాది చప్పబరుస్తూ వచ్చింది. 2011లో కిక్ గీతను ముందుకు జరిపింది, 2018లో పరుగు ఊపు తీసేసింది. గాయాల భయం న్యాయమైనదే. మెదడు దెబ్బతిన్న ఆటగాళ్ల కుటుంబాల బాధ ముందు ఏ సంప్రదాయమూ పెద్దది కాదు. ఆ మార్పుల ఫలితంగా 2024 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో ఒక్క కిక్కాఫ్ రిటర్న్ కూడా లేకుండా పోయింది. ఆ తర్వాతే కొత్త నియమం వచ్చింది. తన్నేవాడు తప్ప అతని జట్టులో మిగతా పదిమందీ ఎదుటివాళ్లకు కొద్ది గజాల దూరంలో నిలబడి, బంతి నేలను తాకేదాకానో, ఎవరైనా అందుకునేదాకానో కదలకుండా ఉండాలి. దాని రూపకల్పనలో చెయ్యివేసినవాళ్లు స్పెషల్ టీమ్స్ కోచ్‌లే. తమ పని బతకాలంటే దాన్ని తామే మార్చుకోవాలని వాళ్లు గ్రహించారు. ప్రమాదం తగ్గించి ఆటను నిలబెట్టే తెలివి ఇంకే గదిలో దొరుకుతుందని యజమానులు అనుకుంటున్నారో నాకు అర్థం కాదు.

ప్రతి ఆగస్టులో ఒక్కో జట్టు శిబిరంలో 90 మంది ఉంటారు. చివరికి మిగిలేది 53 మంది. ముందు నలభై పేర్ల గురించి పెద్దగా చర్చ ఉండదు. మిగతా వాటి దగ్గరికొచ్చేసరికి గది మూల కూర్చున్న స్పెషల్ టీమ్స్ కోచ్ వైపు అందరూ తిరుగుతారు. ఎవరూ డ్రాఫ్ట్ చేయని ఓ లైన్‌బ్యాకర్ పేరు పలకాలా, వదిలేయాలా అన్నది ఆ ఘడియలో అతని నోటి మాట మీదే ఉంటుంది. యాష్‌బర్న్‌లో ఆ మాట చెప్పే కుర్చీలో ఇజ్జో కూర్చున్నాడు.