పొగకూ ఒక దావ

కొడుక్కి పెళ్ళి కుదిరితే ఇంట్లో మొదట లేచే మాట 'ఇంకో గది'. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాత వీధుల్లో ఆ గదికి చోటు వెతుక్కునే శ్రమేమీ ఉండదు, ఉన్నది ఒకటే చోటు కనుక. ముందర వీధి, రెండు పక్కలా పక్కిళ్ళ గోడలు, మిగిలింది పెరడు. మంచిరోజు చూసి మేస్త్రీ ముగ్గు పోస్తాడు. తలుపు ఎటు తెరుచుకోవాలి, మంచం ఏ దిక్కుకి, ఏసీ పాయింటు ఎక్కడ, అటక ఉండాలా వద్దా, అన్నీ ఆ పూటే తేలిపోతాయి. అయితే ముగ్గు వెళ్ళి తగిలిన పాత గోడ వంటింటిది. కిటికీ ఆ గోడకే ఉంది, పొగ లాగే ఫ్యాను ఆ గోడకే ఉంది, నీళ్ళు కాగే బాయిలరు గొట్టమూ అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ అవి పెరట్లోకి ఊపిరి వదిలాయి. గది లేచాక కొత్త కోడలి పడకగదిలోకి వదులుతాయి.

ఇంటి పెద్దావిడ అడగనే అడుగుతుంది: "పొగ పోయేదానికి దావ యాడరా?" కొడుకు ఫోనులోంచి తలెత్తకుండా "చూద్దాంలేమ్మా" అంటాడు. గోడ లేచేస్తుంది.

ఈ పడమటి మండలాల వాళ్ళకు వేన్నీళ్ళు విలాసం కాదు. మదనపల్లె సముద్ర మట్టానికి 700 మీటర్లకు దగ్గరలో ఉన్న ఊరు. ధనుర్మాసపు తెల్లవారుజామున తొట్టి నీళ్ళలో చెయ్యి పెట్టినవాళ్ళకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే అండాలు, వాటి తర్వాత రాగి బాయిలర్లు. ఇప్పుడు బజార్లో సోలారు, కరెంటు గీజర్లు ఎన్ని ఉన్నా పెరటి మూల బాయిలరు ఇంకా బతికే ఉంది. దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. బిందెలాంటి ఒళ్ళు, నడుమ నిలువునా ఒక గొట్టం, అడుగున జల్లెడ, పక్కన కొళాయి. గొట్టంలో కొబ్బరి చిప్పలో, ఎండు పుల్లలో వేస్తారు. పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో అయితే ఆకు మేసేశాక మిగిలే మల్బరీ కట్టెలే వంటచెరకు. మంట ఆ నడిమి గొట్టంలోనే కాలుతుంది, చుట్టూ నీళ్ళు కాగుతాయి, పొగ నేరుగా పైకి పోతుంది. ఇంత తక్కువ కట్టెతో ఇన్ని నీళ్ళు కాచే సాధనం కట్టెల పొయ్యిల్లో ఇంకోటి లేదేమో.

అదంతా పైన ఆకాశం ఉన్నంతవరకే. కొత్త గది కప్పు పడగానే బాయిలరు కప్పు కిందకొస్తుంది. గొట్టానికి ఒక ఎల్బో తగిలించి గోడవైపు తిప్పుతారు. గోడవతల పక్కింటి కిటికీ ఉంటే ఇంకో ఎల్బో. గొట్టంలో పొగను పైకి నడిపించేది ఫ్యాను కాదు, వేడిగాలి తేలిక, బయటి చల్లగాలి బరువు అన్న తేడా ఒక్కటే. గొట్టం నిటారుగా, ఎత్తుగా ఉంటే లాగుడు బాగుంటుంది. అడ్డం తిప్పిన ప్రతిచోటా పొగ నిదానిస్తుంది, చల్లబడుతుంది, మసి దించుతుంది. నెల తిరిగేసరికి రూపాయి బిళ్ళంత సందు మిగులుతుంది. అప్పుడు పొగ వచ్చిన దారినే వెనక్కి వస్తుంది.

గొట్టాన్ని ముట్టుకోకపోయినా చిక్కే. అది ఉన్నచోటే ఉండి పక్కన మిద్దె మీద మిద్దె లేచిందనుకోండి. నిన్నటిదాకా ఇంటికన్నా ఎత్తున్న గొట్టం ఇవాళ గోడ చాటున పొట్టిదైపోతుంది. గోడకు కొట్టుకుని కిందికి దిగే గాలి పొగను లోపలికే నెడుతుంది. అమెరికాలో దీనికో లెక్క పాటిస్తారు: గొట్టం కప్పు దాటిన చోటునుంచి కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. అడుగుల లెక్క వాళ్ళదే కావచ్చు, గాలి మాత్రం పుంగనూరులోనూ అలాగే వీస్తుంది.

మన పాత ఇళ్ళకు ఈ జ్ఞానం లేక కాదు. సీమ మట్టి మిద్దెల్లో గవాక్షి ఉండేది. పగలు వెలుతురు దిగేదీ, పొద్దున పొగ ఎక్కేదీ అందులోంచే. కుప్పం వైపు రాతి బండలు పరిచిన మిద్దెల్లోనూ వంటింటి మీద బండకూ బండకూ మధ్య సందు వదిలేవారు. వాన పడితే దానిమీద ఓ పెంకు బోర్లించడం పిల్లల పని. ఆర్సీసీ స్లాబు వచ్చాక ఆ సందు పోయింది. స్లాబుకు బొక్క పెడితే కారుతుందని భయం, ఆ భయం న్యాయమైనదే.

పొగను ఇంట్లోంచి పంపే పనికి తెలుగు నేల మీద ఒక ఇంజనీరు చాలా కాలం వెచ్చించాడు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు మట్టి పొయ్యికే గొట్టం జోడించి, ఆ లేబొరేటరీ పేరుమీదే 'హెర్ల్' చూలా అని తయారుచేశాడు. 1953లో ఆయన పుస్తకం 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్' వచ్చింది. ఆనకట్టలు, కాలువలు కట్టుకుంటున్న రోజుల్లో ఒక ఇంజనీరు వంటింటి పొగ మీద పుస్తకం రాయడం ఇవాళ తలచుకున్నా సంతోషంగా ఉంటుంది. తర్వాత 1980లలో కేంద్రం మెరుగైన పొయ్యిల కార్యక్రమం చేపట్టి 2002 దాకా నడిపింది. పొయ్యిలు కోట్లలో వేశారు. మసి పట్టిన గొట్టాన్ని ఎవరు దులపాలి, ఇల్లు మారిస్తే ఎవరు జరపాలి అనేదానికి మాత్రం మనిషి దొరకలేదు.

తర్వాత గ్యాసు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో 'దీపం' పథకం పొదుపు సంఘాల ఆడవాళ్ళకు కనెక్షన్లు ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కుప్పం శాసనసభ్యుడే. 2016లో ఉజ్జ్వల, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 వరసన వచ్చాయి. వాటివల్ల ఎన్ని కళ్ళు మండకుండా పోయాయో లెక్క కట్టడం కష్టం. కట్టెల పొయ్యి పోవడంతో పొగగూడు దండగనుకుని పూడ్చేశాం. ఇక గాలి సంగతే మరిచిపోయాం.

అసలు భయం ఇక్కడే. కట్టె పొగ కనబడుతుంది, దగ్గిస్తుంది, కళ్ళు మండించి మనిషిని బయటికి తరుముతుంది. ఎల్పీజీకి ఆ మర్యాద లేదు. ఒక వంతు గ్యాసు పూర్తిగా కాలాలంటే పాతిక నుంచి ముప్ఫై వంతుల గాలి కావాలి. గాలి చాలకపోతే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లు మించి దాన్ని పట్టుకుంటుంది. మన బజార్లో దొరికే చిన్న గ్యాస్ గీజర్లలో చాలావాటికి గొట్టమే ఉండదు, నెత్తిన నాలుగు చిల్లులుంటాయి. అందుకే దాన్ని స్నానాల గదికి బయట, గాలి ఆడే గోడకు తగిలించమంటారు. బుద్ధిమంతులు అలాగే తగిలిస్తారు. ఇల్లు పెంచినప్పుడు ఆ బయటి గోడ కాస్తా లోపలి గోడ అవుతుంది. గీజరు తన చోటు నుంచి అంగుళం కూడా కదల్లేదు, బయలే దానికి దూరమైంది. డిసెంబరు చలికి కిటికీలూ మూసుకుంటాం.

బ్రిటన్‌లో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు వంటిల్లు వెనక్కి పెంచాలనుకుంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఈ గొట్టమే. అక్కడ ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ బాయిలరు వంటింటి గోడకే వేలాడుతుంటుంది, దాని పొగగొట్టం ఆ గోడలోంచే బయటికి పోతుంది. కొత్త గది అడ్డొస్తే గొట్టాన్ని కప్పులోంచి పైకి తియ్యాలి, లేకపోతే బాయిలర్నే ఇంకో గోడకు మార్చాలి. గ్యాసు పనివాళ్ళ 'గ్యాస్ సేఫ్' పట్టీలో పేరున్నవాడే దాన్ని ముట్టుకోవాలి. 2009 నుంచి ఆ పట్టీ ఉంది. అందుకయ్యే ఖర్చు విని మనవాళ్ళు గుండె పట్టుకుంటారు, అది వేరే కథ. ఆ పద్ధతులన్నీ ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదు, గొట్టం సంగతి తేల్చాకే పునాది తవ్వే వరస ఒక్కటి అందుకుంటే చాలు.

గాలి విలువ మదనపల్లెకు ఇంకొకరు నేర్పాలా? 1910ల్లో క్షయ రోగులకోసం మిషనరీలు ఊరి పక్కన శానటోరియం కట్టి ఆరోగ్యవరం అన్నది ఈ గాలిని నమ్ముకునే. క్షయకు మందు బిళ్ళలు లేని ఆ రోజుల్లో గాలీ వెలుతురే వైద్యంలో సగం. ఆ ఊళ్ళోనే ఇవాళ స్నానాల గదికి వెంటిలేటరు పెడితే దోమలొస్తాయని సిమెంటు పూస్తున్నాం.

వాస్తు చూసే పెద్దలు వంటిల్లు ఆగ్నేయాన ఉండాలని పట్టుబడతారు. పొయ్యి ఎటు, వండే మనిషి ముఖం ఎటు అన్నదీ చెబుతారు. పొగ ఎటు పోవాలో అడిగేవాళ్ళు అరుదు. ప్లాను గీసేవాళ్ళు, డబ్బు పెట్టేవాళ్ళు, ముహూర్తం చెప్పేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళు. పొగ మింగేవాళ్ళు వేరు. ఇంటి లోపలి పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ముగ్గు పోసేముందైతే గొట్టం జరపడం ఒక పూట పని. గోడలో నాలుగంగుళాల బొక్క, రెండు బిగింపులు, వాన పడకుండా పైన టోపీ, గీజరుకు గాలి తగిలే మరో గోడ. స్లాబు పడి, టైల్సు అతికి, పాలు పొంగించాక అదే పనికి గోడ పగలగొట్టాలి. కొత్త గోడ పగలగొట్టడానికి ఏ ఇంటాయనకు చేతులొస్తాయి? పెద్దావిడ ప్రశ్నకు జవాబు కాగితం మీద కనబడేదాకా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకుండా ఆగవచ్చు.