ఒకే జాతి దేశాలు, రెండు భాషల పల్లెలు

ప్రపంచంలో దాదాపు జనమంతా ఒకే జాతికి చెందిన దేశాలు కొన్ని ఉన్నాయి. జపాన్, ఉభయ కొరియాలు, పోలండ్, బంగ్లాదేశ్ వాటిలో ముఖ్యమైనవి. జాతి ఒకటి, భాష ఒకటి అయితే కలహాలకు తావుండదని, పాలన సుగమమవుతుందని పలువురి నమ్మకం. రెండు రాష్ట్రాల నడుమ రెండు భాషలతో బ్రతుకు సాగిస్తున్న బళ్లారి సరిహద్దు పల్లెలు ఈ నమ్మకంలోని నిజానిజాలను తరచి చూడవలసి ఉన్నది.

ఈ దేశాలలో అన్నీ ఆది నుంచీ అలా ఉన్నవి కావు. పోలండ్‌లో 1931 జనాభా లెక్కల నాటికి పోలిష్ మాతృభాషగా గలవారు నూటికి 69 మంది మాత్రమే. తక్కినవారు ఉక్రెయినీయులు, యూదులు, జర్మన్లు మొదలైనవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు యూదులను లక్షలాదిగా సంహరించారు. యుద్ధానంతరం దేశం ఎల్లలు మారాయి. జర్మన్లను వెళ్లగొట్టారు, ఉక్రెయినీయులను తరలించారు. నేటి ఏకరూపత వెనుక ఇంత రక్తమూ, ఇంత కన్నీరూ ఉన్నాయి. 1923లో గ్రీసు, టర్కీలు ఒప్పందం చేసుకొని జనాన్ని మార్చుకున్నప్పుడు సుమారు 15 లక్షల మంది పుట్టిన ఊళ్లకు దూరమయ్యారు. అక్కడ ప్రాతిపదిక మతం. టర్కీ భాష తప్ప మరొకటి ఎరుగని క్రైస్తవులు సైతం గ్రీసుకు పోవలసి వచ్చింది.

ఇంత మూల్యం చెల్లించినా ఏకజాతీయత శాంతికి హామీ కాజాలదు. సోమాలియాలో అత్యధికులది ఒకే జాతి, ఒకే భాష, ఒకే మతం. అయినా 1991లో ప్రభుత్వం కూలిన పిదప తెగల పోరులో దేశం ఛిన్నాభిన్నమైంది. మాతృభాష కోసం 1952 ఫిబ్రవరి 21న ప్రాణాలర్పించిన బెంగాలీలు 1971లో స్వతంత్ర దేశం సాధించారు. అదే దేశంలో చిట్టగాంగ్ కొండల్లోని చక్మాలు తదితర అల్పసంఖ్యాకులు తమ ఉనికి కోసం ఏళ్ల తరబడి పోరాడిన తరువాతే 1997లో ఒప్పందం కుదిరింది. అంత దూరం పోనక్కరలేదు. తెలుగు వారందరికీ ఒకే రాష్ట్రమని 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ 2014 జూన్ 2న రెండయింది. నీళ్లు, ఉద్యోగాలు, నిధుల పంపకంపై నమ్మకం సడలినప్పుడు భాష ఒక్కటే ముడి వేసి ఉంచలేకపోయింది.

బళ్లారి చరిత్ర ఇందుకు భిన్నం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. వివాదాస్పదమైన బళ్లారి తాలూకా జస్టిస్ మిశ్రా నివేదికను అనుసరించి మైసూరుకు దక్కింది. తుంగభద్ర ప్రాజెక్టు దృష్ట్యా బళ్లారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రలో చేర్చాలని 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం సిఫారసు చేసినా అది అమలు కాలేదు. ఈ తగవు ఎన్ని మనసులను నొప్పించినా ఒక మేలు మిగిలింది. గీత మారింది గాని, జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించలేదు. అటు కన్నడిగులు, ఇటు తెలుగువారు ఉన్నచోటనే ఉండిపోయారు.

నూటికి 70 మంది ఒకే భాష వారైతే దానిని ఏకభాషా రాష్ట్రంగా పరిగణించవచ్చునని నాటి సంఘమే చెప్పింది. 2011 లెక్కల ప్రకారం కర్ణాటకలో కన్నడం మాతృభాషగా గలవారు సుమారు మూడింట రెండు వంతులు. అంటే భాషాప్రయుక్త రాష్ట్రం కూడా ఏకభాషా సీమ కాదు. ఈ సత్యాన్ని గుర్తించే 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేందుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది నిర్దేశించింది. తరగతిలో 10 మంది గాని, పాఠశాలలో 40 మంది గాని ఉంటే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నాటికే ఉన్నది.

కర్ణాటక 2015లో చట్టం చేసి పాఠశాలల్లో కన్నడ బోధన తప్పనిసరి చేసింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్వడం బ్రతుకుతెరువుకు అవసరమే, అందులో ఆక్షేపణకు తావు లేదు. అయితే దాని సరసన తల్లిభాషకు ఒక పీరియడు, ఒక పుస్తకం, ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. బళ్లారి వైపు తెలుగుకు కోరేది ఆదోని, రాయదుర్గం వైపు కన్నడానికి కూడా వర్తించాలి. ఒకవైపు అడిగి మరొకవైపు కాదనడం న్యాయం అనిపించుకోదు.

ప్రభుత్వాల బాధ్యత ఎంతో తల్లిదండ్రుల బాధ్యత కూడా అంతే. ఇంగ్లీషు మోజులో పిల్లల సంఖ్య పది కన్నా తగ్గితే అడిగే హక్కే బలహీనపడుతుంది. బడి మూతపడితే ఒక తరంలో చదవడం, మరో తరంలో మాట్లాడడం పోతాయి. ఎవరినీ వెళ్లగొట్టకుండానే ఊరు ఏకభాషా గ్రామమైపోయే మార్గం అదే. అది చప్పుడు లేకుండా జరుగుతుంది గనుక ఇరువైపులా ముందే మేల్కొనడం విజ్ఞత.