రస్ట్ భాషకు మన ప్రయోగశాలలో చోటు

ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటికి వెళ్ళి చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. నాడె ఆడటానికి ముందే పడుగు సిద్ధం కావాలి, అచ్చు అతకాలి. అక్కడ పోగు తప్పితే ఎంతటి నేర్పరి నేసినా బట్ట కుదరదు. కంప్యూటరు భాష కూడా అటువంటిదే. దానిని యంత్రంలో అమర్చుకోవటం చిన్న పని అని తలుస్తాము. కాని విద్యార్థి తొలి అడుగులోనే ఆగిపోయేది అక్కడనే.

రస్ట్ అనే భాషనే తీసుకొందాం. 2006లో గ్రేడన్ హోర్ అనే ఇంజనీరు సొంత ప్రయత్నంగా ప్రారంభించిన దీనికి తరువాత మొజిల్లా సంస్థ అండ లభించింది. 2015 మే 15న 1.0 రూపం వెలువడింది. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ కెర్నెల్ 6.1లో దీనికి ప్రవేశం దొరికింది. కారణం లేకపోలేదు. సి, సి++ భాషలలో మెమరీని సక్రమంగా వాడే భారమంతా ప్రోగ్రాము రాసేవాని మీదనే ఉంటుంది. తన ఉత్పత్తులలో ఏటా సరిదిద్దే భద్రతా లోపాలలో సుమారు 70 శాతం మెమరీ పొరపాట్లేనని మైక్రోసాఫ్ట్ 2019లో ప్రకటించింది. అట్టి పొరపాట్లలో పెక్కింటిని రస్ట్ కంపైలరు ప్రోగ్రాము నడవక ముందే పట్టుకొంటుంది.

ఈ భాషకు వెల లేదు. రస్టప్ అనే సాధనాన్ని దింపుకొంటే కంపైలరు, కార్గో, స్టాండర్డ్ లైబ్రరీ వెంట వస్తాయి. మరి అడ్డంకి ఏమిటి? ఉగాది మరునాటి పిడకల సమరానికి పేరుపడిన కైరుప్పల మా ఊరు. అక్కడ ఫోను డేటాతో ఒక పాత ల్యాప్‌టాప్‌లో దీనిని అమర్చాను. తొలి ప్రోగ్రామును నడపబోగానే లింకరు కనబడలేదన్న సందేశం వచ్చింది. తప్పు నాదే, ముందుగా ఇచ్చిన సూచనను చదవక దాటవేశాను. విండోస్‌లో సాధారణంగా సి++ బిల్డ్ టూల్స్ కూడా ఉండాలి. అవి కొన్ని జీబీలు. రోజుకు ఒకటి రెండు జీబీల డేటాతో సరిపెట్టుకొనే ఇంట అది చిన్న మాట కాదు. లినక్స్‌లో జీసీసీ ఉంటే పని జరుగుతుంది.

కనుక కళాశాల కార్యవర్గం వారికి నా మనవి మూడు మాటలు. ఇన్‌స్టాలర్లను, లింకరు సాధనాలను ఒక్కసారి దింపి ప్రయోగశాలలో భద్రపరచాలి. రస్టప్‌తో వచ్చే పుస్తకాలను ఇంటర్నెట్ లేకుండానే చదువుకోవచ్చు. రెండవది, అమర్చే పనిని సిబ్బందికి వదలక ప్రతి విద్యార్థి చేత స్వయంగా చేయించాలి. మూడవది, ఆ క్రమాన్ని ఉర్దూలోను తెలుగులోను రాయించి గోడపై అంటించాలి. కంపైలరు తప్పును ఎంత వివరంగా చెప్పినా ఇంగ్లీషులోనే చెబుతుంది. ఆ ఒక్క వాక్యం ముందు ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు సమానంగానే తడబడుతున్నారు.

పరీక్షలో అడిగేది సి భాష కదా, ఇది ఎందుకని కొందరు అనవచ్చు. సి భాషను మానమని నేను అనను. అందులో జరిగే పొరపాటు ఎందుకు పొరపాటో రస్ట్ మరింత స్పష్టంగా నేర్పుతుంది.

సోదర విద్యార్థులారా! లింకరు లేదన్న సందేశం మన తెలివిని గూర్చిన తీర్పు కాదు. పడుగులో ఒక పోగు తప్పిందన్న హెచ్చరిక మాత్రమే. ఆ పోగును కలిపి కూర్చుంటే నేత సాగుతుంది.