పాట ధర పలికింది, పాటగాడి పేరేది?

కాటిసీను పద్యం వినని పల్లె ఈ గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఊళ్ళల్లో ఉందా? తిరునాళ్ళకి మైకు కట్టారంటే హరిశ్చంద్ర రికార్డు పడాల్సిందే. డి.వి. సుబ్బారావు రాగం తీస్తుంటే కల్లంలో మిరపకాయలు గ్రేడింగు చేసే ఆడవాళ్ళు కూడా చెయ్యాపి వినేవాళ్ళు. ఆ పాత రికార్డులు ఇప్పుడు దొరకటం కష్టం. దొరికితే అపురూపంగా దాచుకునేవాళ్ళున్నారు.

ఆ పద్యం ఎవరిదని అడిగి చూడండి. సుబ్బారావుదంటారు. నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదంటారు. కాటిసీనులో గుండెలు పిండే ఆ శ్మశానం పద్యాలు గుర్రం జాషువావని చెప్పేవాళ్ళు ఎంతమంది? 1895లో వినుకొండలో మాదిగ తల్లికి, యాదవ తండ్రికి పుట్టి, బతికినంత కాలం అంటరానితనం అనుభవించిన జాషువా రాసిన ‘శ్మశానవాటి’ పద్యాలవి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. స్టేజీ మీద దళితుడి పద్యానికి వన్స్‌మోర్, స్టేజీ దిగితే దళితుడికి గడప బయట చోటు! ఇదీ మన దేశపు కళాభిమానం.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. సముద్రాలవతల మనలాంటి వాళ్ళకీ ఇదే జరిగింది. ఆ కథ కూడా పత్తితోనే మొదలవుతుంది. అమెరికాలో నల్లజాతి బానిసలు కొరడా దెబ్బలు తింటూ తీసిన పత్తి ఓడలెక్కి ఇంగ్లండు లాంకషైరు మిల్లులకు వెళ్ళేది. బానిసత్వం రద్దయినాక కూడా ఆ బిడ్డలకు పత్తి చేలే దిక్కయినాయి. లక్షలమంది చేలొదిలి డెట్రాయిట్ లాంటి నగరాల్లో కార్ల ఫ్యాక్టరీలకు వలసపోయారు. చర్చి పాటని, చేల పాటని, బాధని, ప్రేమని కలిపి వాళ్ళు 1960లలో పాడిన పాటకు ‘సోల్’ అని పేరు. సోల్ అంటే ఆత్మ.

ఆ డెట్రాయిట్‌లోనే నల్లవాడు బెర్రీ గోర్డీ 1959లో మోటౌన్ కంపెనీ పెట్టాడు. 1965లో ఫ్రాంక్ విల్సన్ అనే నల్లజాతి యువకుడు ఆ కంపెనీకి ఒక పాట పాడాడు. ‘నేను నిన్ను ప్రేమిస్తున్నానా? అవును, నిజంగానే’ అనే అర్థం వచ్చే పేరున్న పాట. కంపెనీ రికార్డు కొట్టించి కూడా అమ్మకుండా ఆపేసింది. ఉన్నవాటిని నాశనం చేయించింది. లెక్కపెట్టదగ్గ కాపీలే మిగిలాయి.

ఆ పాట మళ్ళీ లేచింది ఎక్కడో తెలుసా? అదే లాంకషైరులో! బొగ్గు గనులు, పత్తి మిల్లుల ఊరు విగన్. 1973 నుంచి 1981 దాకా అక్కడి కాసినో క్లబ్బులో శనివారం రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా కుర్రాళ్ళు డాన్సు చేసేవాళ్ళు. వారమంతా ఫ్యాక్టరీల్లో ఒళ్ళు హూనం చేసుకున్న తెల్ల కూలీల పిల్లలు వాళ్ళు. అమెరికాలో అమ్ముడుపోని నల్లవాళ్ళ పాటలంటే వాళ్ళకి ప్రాణం. మరుగునపడ్డ గాయకుల్ని పిలిపించి పాడించుకున్న క్లబ్బులూ ఉన్నాయి. ఆ ప్రేమను మేము తప్పుపట్టం. కూలివాడి పాట కూలివాడికే అందింది.

కానీ ప్రేమ వెనకాలే బేరం వచ్చింది. అరుదైన రికార్డు దొరికితే పోటీ వాళ్ళ కంటపడకుండా దానిమీది పేరుకు కాయితం అతికించి, వేరే దొంగపేరు చెప్పి మోగించేవాళ్ళు. పాడినవాడి పేరు చెరిపేస్తేనే రికార్డు గలవాడికి గొప్ప! విల్సన్ రికార్డు 2009లో పాతిక వేల పౌన్లు దాటింది. 2020లో లక్ష పౌన్లు పలికింది. మన లెక్కలో కోటి రూపాయలకు దగ్గర. పాత రికార్డు చేతులు మారితే డబ్బు అమ్మినవాడిది. పాడినవాడికి అందులో పైసా రాదు. విల్సన్ 2012లోనే చనిపోయాడు.

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. 1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ నెత్తుటి లోంచి ఎన్ని పాటలు పుట్టలేదు! కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట అందరికీ తెలుసు. మరి డప్పేసుకుని ఊరూరా సభల్లో పాడిన మన పల్లె పిల్లల పాటలు? పత్తి తీతల్లో, మిరప కోతల్లో మన అమ్మలు కట్టిన పాటలు? కొన్ని కాసెట్లలో మిగిలాయి. ఆ కాసెట్లు అటకల మీద బూజు పడుతున్నాయి. కొన్ని ఫోన్లలోకి ఎక్కాయి గానీ వాటికింద ‘జానపదం’ అని తప్ప కట్టినవాళ్ళ పేరుండదు. జానపదమంటే ఎవరిదీ కాదని అర్థమా? ఎవరిదీ కానిది ఎవడైనా ఎత్తుకుపోవచ్చు.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. పాట కట్టినవాళ్ళు బతికినంత కాలమూ, పోయినాక 60 ఏళ్ళూ దానిమీద హక్కుంటుంది. 1971లో పోయిన జాషువా రచనల మీద హక్కు 2031 ఆఖరుదాకా నడుస్తుంది. రిజిస్టరు చేయించకపోయినా హక్కు పోదు. సినిమా హాల్లో సినిమాతో పాటు ఆడించడం తప్ప మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రాసినవాళ్ళకు సమాన వాటా ఉండాలని 2012లో చట్టం సవరించారు. ఆ వాటాను వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వటానికి కూడా వీల్లేదు. అయితే పాట మనదని చూపించాలంటే రుజువు కావాలి. రుజువు లేనివాడి హక్కు గాలిలో దీపమే.

అందుకే కార్యకర్తలకు మా మాట. ప్రతి పల్లెలో పాత కాసెట్లు, రికార్డులు, పాటల నోటుపుస్తకాలు వెతకండి. ఒక్కో పాటకి కట్టిందెవరు, పాడిందెవరు, డప్పు కొట్టిందెవరు, ఏ ఏడు, ఏ సభలో అన్నది రాసి పెట్టండి. అమ్మలు కట్టిన పాటకి అమ్మ పేరే రాయండి. నకళ్ళు తీసి నాలుగిళ్ళల్లో ఉంచండి. ఎవరైనా వచ్చి పాత కాసెట్టుకి వంద రూపాయలిస్తానంటే తొందరపడి చేతిలో పెట్టకండి. తిరునాళ్ళలో కాటిసీను పద్యం వేసినప్పుడు ముందుగా మైకులో జాషువా పేరు చెప్పించండి. చెప్పకపోతే అడగండి. పాడనివ్వటం వాళ్ళ దయ కాదు. పేరు చెప్పించుకోవటం మన హక్కు.