ఈడ ఏముండాదని చూపిస్తావ్?

ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో విరు అని ఒక హోటల్ ఉంది. 1972లో తెరిచారు. సోవియట్ కాలంలో విదేశీయుల్ని ఎక్కువగా దించేది అందులోనే. లిఫ్ట్‌లో బటన్లు 22 వరకే ఉండేవట, బిల్డింగ్‌కి మాత్రం 23 అంతస్తులు. ఆ చివరి అంతస్తులో ఒక తలుపు మీద రష్యన్‌లో "ఇక్కడ ఏమీ లేదు" అని రాసి ఉంటుంది. ఆ తలుపు వెనకాల కేజీబీ వాళ్ళ రేడియో గది. కింద దిగిన వాళ్ళ మాటలు దొంగచాటుగా వినడం వాళ్ళ పని. 1991లో సోవియట్ పని అయిపోయేటప్పుడు మెషీన్లు పగలగొట్టి, మిగతాదంతా అట్లే పారేసి పోయారు. ఇప్పుడది మ్యూజియం. గైడ్ లేకుండా లోపలికి పంపరు.

ఇదంతా మా పెద్దనాన్న కూతురు చెప్పింది. అక్క అక్కడ ఎం.ఎస్. చేస్తోంది. ఆ టూర్‌కి పోయొచ్చి రాత్రి వాట్సాప్ కాల్ చేసింది. నాకు తాలిన్ అంటే స్కైప్ తయారైన ఊరు అని మాత్రమే తెలుసు (సి.ఎస్.ఇ. వాళ్ళ జనరల్ నాలెడ్జ్ అంతవరకే). తలుపు సంగతి విని పగలబడి నవ్వాను. ఎందుకంటే సరిగ్గా ఆ రోజు పొద్దున్నే మా అవ్వ అడిగింది: "ఈడ ఏముండాదని చూపిస్తావ్‌రా వాళ్ళకి?"

వాళ్ళంటే మన ఫెస్ట్‌కి వచ్చే గెస్టులు. గుంటూరు, విశాఖ, మహబూబ్‌నగర్ కాలేజీల నుంచి 14 మంది. చివరి రోజు సిటీ టూర్ డ్యూటీ నాకు పడింది, కర్నూలు వాడినని. మన ఊరి గురించి ఎవరడిగినా మనం చెప్పే మొదటి మాట ఏంటో గుర్తు చేసుకోండి. "ఏముంది బ్రో ఇక్కడ, ఎండ." తాలిన్‌లో తలుపు మీద కేజీబీ రాసింది. ఇక్కడ మనమే రాసుకున్నాం.

టూర్‌కి కమిటీలో వచ్చిన మొదటి ఐడియా "సీమ స్టైల్ ఫ్యాక్షన్ టూర్". నాలుగు సుమోలు అద్దెకి తేవాలి, అందరికీ తెల్ల చొక్కాలు, అట్టతో చేసిన వేటకొడవళ్ళు, స్లో మోషన్‌లో దిగాలి, రీల్ తీయాలి. పోస్టర్ కూడా రెడీ అయింది. దాన్ని మొదట లైక్ కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను, దాచిపెట్టుకోను. బయట వాళ్ళకి సీమ అంటే తెలిసింది 'సమరసింహారెడ్డి', 'ఇంద్ర' కదా, వాళ్ళడిగిందే చూపిద్దాం అనుకున్నా.

మా హాస్టల్‌లో పక్క రూమ్ వాడు పోస్టర్ చూశాడు. వాడిది కడప వైపు ఒక పల్లె. ఏమీ అరవలేదు. "సుమో ఎందుకురా, మా తాతని ఎద్దులబండిలో తెచ్చినారు ఇంటికి" అన్నాడు, మళ్ళీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఏడాదిన్నరగా రోజూ కలిసి టిఫిన్ చేస్తున్నాం. వాళ్ళ తాతని బస్సు దింపి చంపారని నాకు ఆ రోజే తెలిసింది. వాళ్ళ నాన్న ఊరొదిలి టౌన్‌కి వచ్చింది అందుకేనట. పోస్టర్ డిలీట్ చేశాం.

కొందరు నాతో వాదించారు. తాలిన్‌లో కేజీబీ గదిని టూర్ చేసి టికెట్లు అమ్ముతున్నారు కదా, మనం చేస్తే తప్పా అని. మంచి ప్రశ్నే. అక్కని అడిగాను. విరు గైడ్ టూర్ అంతా జోకులేస్తూనే ఉంటుందట. కానీ ఆ జోకులు ఎవరి మీద? చెవులు రిక్కించుకుని కూర్చున్న వాళ్ళ మీద. 1949 మార్చిలో ఎస్టోనియా నుంచి 20 వేల మందికి పైగా జనాన్ని, ఆడవాళ్ళు పిల్లలతో సహా, రైళ్ళలో సైబీరియాకి తరలించారు. ఆ రైళ్ళ మీద ఎవరూ జోకులేయరట. మన ఫ్యాక్షన్ టూర్‌లో కొడవలి పట్టుకున్నోడు హీరో. చచ్చిపోయినోడు ఫ్రేమ్‌లోనే లేడు. తేడా నాకు అక్కడ కనబడింది. ఫ్యాక్షన్ గురించి మాట్లాడొద్దు అనట్లేదు నేను. మా పక్క రూమ్ వాడు చెప్తానంటే చెప్పనీ, మనం కూర్చుని విందాం. అట్ట కొడవళ్ళతో మాత్రం వద్దు.

సరే, మామూలు టూరే పెట్టాను. మొదట కొండారెడ్డి బురుజు. ఆటోలు దిగీ దిగగానే అందరూ 'ఒక్కడు' సీన్ రీక్రియేట్ చేయడం మొదలుపెట్టారు. నేను పుట్టకముందు, 2003లో వచ్చిన సినిమా. ఇప్పటికీ మా బురుజుకి గైడ్ మహేష్ బాబే. దాని మీద నాకు కోపమేమీ లేదు. తాలిన్‌లోనూ ఇదే కథ. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో పడవ పోటీలు అక్కడ జరిగాయి, వాటి కోసం సముద్రం ఒడ్డున లిన్నహాల్ అని ఒక కాంక్రీటు కొండలాంటి హాల్ కట్టారు. మొదట దానికి లెనిన్ పేరు. నోలన్ 'టెనెట్' ఓపెనింగ్‌లో ఒపేరా హౌస్ అని చూపించింది దాన్నే. ఇప్పుడు కుర్రాళ్ళు అక్కడికి పోయి టెనెట్ ఫోటోలు దిగుతారంట. సినిమా జనాన్ని గేటు దాకా తెస్తుంది. గేటు దగ్గర ఎవరైనా నిలబడి మిగతాది చెప్పాలి కదా, ఆ రోజు ఆ నిలబడినవాణ్ణి నేను.

మహబూబ్‌నగర్ అమ్మాయి అడిగింది, "కొండారెడ్డి ఎవరు?"

"రాజు... అనుకుంటా" అన్నాను.

ఆ అమ్మాయే ఫోన్ తీసి చదివి వినిపించింది. బురుజు కట్టించింది 16వ శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయలు. కొండారెడ్డి అలంపురం పాలకుడు, 17వ శతాబ్దంలో గోపాల్‌రాజు అతన్ని ఓడించి ఇందులో బంధించాడు. "అలంపురం మా వైపు ఊరే. అంటే మీరంతా సెల్ఫీలు దిగేది మావాణ్ణి పెట్టిన జైలు ముందరా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి. పన్నెండేళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివాను. ఫ్రెంచ్ రెవల్యూషన్‌లో బాస్టిల్ జైలు ఎప్పుడు పగలగొట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న జైలు జైలని తెలీదు.

లోపలి నుంచి నది కిందుగా గద్వాల దాకా సొరంగం ఉందంటారు, దాని గురించి యూట్యూబ్‌లో బోలెడున్నాయి, నేను చెప్పను. దానికంటే 1839 సంగతి నాకు ముఖ్యం అనిపిస్తుంది. నవాబు ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీ సైన్యం వచ్చి ఈ కోటని పట్టుకుంది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ని తిరుచిరాపల్లి తీసుకుపోయారు, మరుసటి ఏడాది అక్కడే హత్యకి గురయ్యాడు. ఇది నేను టూర్ అయ్యాక చదివింది. టూర్ రోజు తెలిసుంటే పరువు దక్కేది.

నా పరువు కొంచెం నిలబెట్టింది సి.క్యాంప్. దానికి కారణం మళ్ళీ అక్కే. ఆ రాత్రి కాల్ పెట్టేసే ముందు అడిగింది: "ఒరే, మన ఊర్లో ఏ క్యాంప్, బి.క్యాంప్, సి.క్యాంప్ అని ఉన్నాయే, ఎవరు వేసిన క్యాంప్‌రా అది?" నవ్వకండి, నేను పందొమ్మిదేళ్ళుగా వాటిని క్లాసులో సెక్షన్ల లాగా అనుకుంటున్నా. సి.క్యాంప్ రైతుబజార్‌కి పోయి వారం వారం టమోటాలు తెచ్చినోణ్ణి, సి ఏంటి, క్యాంప్ ఏంటి అని ఒక్కసారి అనుకోలేదు.

అవ్వని అడిగితే చెప్పింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. నెహ్రూ వచ్చి ప్రారంభించాడు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. మద్రాసు నుంచి ఆఫీసులు, ఉద్యోగులు వచ్చి పడ్డారు. ఉండడానికి ఇండ్లు లేవు, కూర్చోడానికి గదులు లేవు. గుడారాలు వేశారు. ఆ ఉద్యోగుల కోసం వేసినవే ఈ క్యాంపులు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రాజధాని హైదరాబాద్ పోయింది. మొత్తం 37 నెలలు. క్యాంప్ అన్న పేరు మాత్రం ఇప్పటికీ ఆటోల వెనకాల, షాపుల బోర్డుల మీద, మన స్విగ్గీ అడ్రసుల్లో ఉంది.

అవ్వకి అప్పుడు ఏడేళ్ళు. వాళ్ళ నాయన రెండు బర్రెలు పెట్టుకుని ఆ గుడారాలకి పాలు పోసేవాడు. అవ్వ చెంబు పట్టుకుని వెనకాల పోయేది. మద్రాసు నుంచి వచ్చిన ఒకామె అవ్వకి జీవితంలో మొదటిసారి కాఫీ ఇచ్చిందంట, చేదుగా ఉందని ఉమ్మేసిందంట. "గాలొస్తే డేరాలు లేచిపోయేవి, కాగితాలు పట్టుకునేదానికి గుమాస్తాలు చేనుకడ్డంబడి పరిగెత్తేటోళ్ళు. మాకదే సినిమా" అంది. నేను ఇదంతా ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను.

టూర్ రోజు సి.క్యాంప్‌లో ఒక చెట్టు కింద నిలబెట్టి ఆ రికార్డింగ్ వినిపించాను. బురుజు దగ్గర ఒక్కడూ ఫోన్ కిందికి దించలేదు, ఇక్కడ దించారు. తర్వాత నేను ఊరుకోకుండా, "1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకి మాటిచ్చారు, రాజధానో హైకోర్టో మీరే కోరుకోండి అన్నారు, ఇచ్చింది మూడేళ్ళకే లాగేసుకున్నారు" అని గొంతు పెంచాను. గుంటూరు అబ్బాయి వెంటనే అందుకున్నాడు. "బాబూ, హైకోర్టు 1954లో మా గుంటూరుకొచ్చింది. అదీ మీ రాజధానితో పాటే పోయింది. ఏడిస్తే ఇద్దరం కలిసి ఏడవాలి." మహబూబ్‌నగర్ అమ్మాయి, "మీ ఇద్దరూ సామాన్లు సర్దుకుని వచ్చింది మా దగ్గరికి. మమ్మల్ని ఎవరూ అడగలేదే?" అంది. పది నిమిషాలు గట్టిగానే సాగింది. 2020 న్యాయ రాజధాని, 2021లో ఆ చట్టం వెనక్కి తీసుకోవడం, అన్నీ బయటికొచ్చాయి. మాతో వచ్చిన సీనియర్ ఒకాయన నన్ను పక్కకి లాగి, "ఇందుకేరా ఇవన్నీ టూర్‌లో పెట్టకూడదు" అన్నాడు.

ఇక్కడే నేను ఒప్పుకోను. నా వ్యాసం అంతా ఈ ఒక్క ముక్క కోసమే. నెట్‌వర్క్ సెక్యూరిటీలో 2007 ఎస్టోనియా సైబర్ దాడి గురించి చదివాం కదా, బ్యాంకులు, పేపర్లు, ప్రభుత్వ సైట్లు పడిపోయినది. అది ఎందుకు మొదలైందో మనకి చెప్పలేదు. ఒక విగ్రహం వల్ల. తాలిన్ నడిబొడ్డున సోవియట్ సైనికుడి కంచు విగ్రహం ఉండేది. అక్కడి రష్యన్లకి అతను హిట్లర్‌ని ఓడించినవాడు, ఎస్టోనియన్లకి తమ దేశాన్ని ఆక్రమించినవాడు. 2007 ఏప్రిల్‌లో దాన్ని తీసి సైనికుల శ్మశానానికి మార్చారు. రెండు రాత్రులు అల్లర్లు జరిగాయి, ఒకరు చనిపోయారు, ఆ వెంటనే సైబర్ దాడులు. మనకి, వాళ్ళకి పోలిక పెట్టడం అతి అని నాకు తెలుసు. కర్నూలుని ఏ దేశమూ ఆక్రమించలేదు, గుడారాల్లో దిగింది మన భాష మాట్లాడే గుమాస్తాలే. కానీ ఒకే చోటు గురించి ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఎట్లా అన్న చిక్కు మాత్రం అదే. సీనియర్ చెప్పినట్టు దాన్ని టూర్‌లోంచి తీసేస్తే మిగిలేది మహేష్ బాబు ఒక్కడే. నాకు ఆ పది నిమిషాలే టూర్ అనిపించింది. మహబూబ్‌నగర్ అమ్మాయి అడిగింది నేను అంతకుముందు ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అందుకని క్లబ్‌కి నా రిక్వెస్ట్. ప్రతి సెమిస్టర్‌లో ఒక ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందు, బురుజు నుంచి సి.క్యాంప్ దాకా ఒక నడక పెడదాం. గైడ్ ఒక్కరు వద్దు, ఇద్దరు ఉండాలి, వేరే వేరే ఊళ్ళవాళ్ళు. మీ ఇళ్ళలో 80కి దగ్గరపడ్డ అవ్వాతాతలు ఉంటే ఈ సెలవుల్లోనే ఫోన్ ముందర పెట్టి కూర్చోండి, మాటలు రాకపోతే గుడారాల గురించి అడగండి. కడప వైపు వాళ్ళు గండికోటని "ఇండియా గ్రాండ్ కాన్యన్" అనడం ఒక్క రోజు ఆపి, కోటలోని జైలు గురించి రాసి పంపండి, తర్వాత అక్కడికీ పోదాం.

ఆ రోజు మధ్యాహ్నం అందర్నీ మా ఇంటికి తీసుకుపోయాను. అవ్వ ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టింది. రికార్డింగ్‌లో లేని ముక్క అప్పుడు చెప్పింది. 1956లో ఆఫీసులు ఎత్తేసినప్పుడు ఒకింటివాళ్ళు రెండు నెలల పాల డబ్బులు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి లారీ ఎక్కారంట. వాళ్ళ నాయన చచ్చేదాకా ఆ లెక్క చెప్పేవాడంట. "యా ఊరోళ్ళు అవ్వా?" అని అడిగితే, "గుంటూరోళ్ళే" అంది. గుంటూరు అబ్బాయి బజ్జీ పక్కన పెట్టి ఫోన్‌పే తెరిచి, "ఎంత అవ్వా బాకీ?" అన్నాడు.

అవ్వ వాణ్ణి పైనుంచి కిందికి చూసి అడిగింది: "వడ్డీతోనా, వడ్డీ లేకుండానా?"