ఎర్రనివన్నీ నెత్తురు కావు

బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందన్న నమ్మకానికి దాని ఎరుపే ఆధారం. ఆ ఎరుపు బీటాలెయిన్లనే వర్ణకాలది; వాటిలో ఇనుము లేదు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాముకు లోపే.

పెద్దవారి ఒంట్లో ఇనుము 3 నుంచి 4 గ్రాములు. అందులో సుమారు మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం కాలేయం, ఎముక మజ్జ వంటి చోట్ల ఫెర్రిటిన్‌గా నిల్వ ఉంటుంది. లోపం మొదలైతే ముందు కరిగిపోయేది ఈ నిల్వే. అది అడుగంటాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది. అందుకే కనురెప్ప కిందికి లాగి ‘రక్తం బాగానే ఉంది’ అనే తీర్పు నమ్మదగింది కాదు. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. ఫెర్రిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాములకు తగ్గితే నిల్వ ఖాళీ అయినట్టే. అయితే ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే నిల్వ లేకపోయినా ఫెర్రిటిన్ పెరిగి కనిపిస్తుంది కాబట్టి, దానితోపాటు ఇన్‌ఫెక్షన్‌ను పట్టిచ్చే సీఆర్‌పీ రక్తపరీక్ష కూడా చేస్తారు. రక్తహీనతకు కారణం ప్రతిసారీ ఇనుమే కానక్కరలేదు: బీ12 లోపం, తలసీమియా, ఏజెన్సీ గిరిజనుల్లో కనిపించే సికిల్‌సెల్ కూడా కావచ్చు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత తేలింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇందుకు మినహాయింపు కాదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది ఆడవాళ్లు తినే ఆచారాన్ని పక్కనపెట్టి ఈ అంకెను చూడలేం.

ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్న భయం బీట్‌రూట్ లాంటి నమ్మకాలన్నిటికన్నా ప్రమాదకరం. ప్రభుత్వం గర్భిణులకు నాలుగో నెల నుంచి 180 రోజులపాటు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పేగు పీల్చుకోని ఇనుము వల్ల మలం నల్లబడుతుంది. భయం పుట్టేది ఆ నలుపు చూసే. బిడ్డ ఒంటిరంగు మెలనిన్‌ది, తల్లిదండ్రుల జన్యువులది. దానికీ మాత్రలోని ఇనుముకూ సంబంధం లేదు. ఈ అపోహతో చెత్తబుట్టలో పడే మాత్ర, కాన్పులో రక్తస్రావమైతే తల్లి ప్రాణాన్ని నిలపగలిగేది.

ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము పేగుకు అంత తేలిగ్గా అందదు. అన్నంలో పిండిన నిమ్మకాయలోని సీ విటమిన్ దాన్ని పీల్చుకోదగ్గ రూపంలోకి మారుస్తుంది. భోజనం కాగానే తాగే టీలోని టానిన్లు దాన్ని అడ్డుకుంటాయి. మాత్రకూ అంతే, టీకి గంటైనా ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు మాత్రలు వేసుకోమని వైద్యులు చెప్పేది, అడుగంటిన ఫెర్రిటిన్ నిల్వ మళ్లీ నిండడానికే.